తల బయటంతా సున్నా

పద్మనాభన్ గారు జూన్ ముప్పయ్యో తేదీన రిటైరవుతారన్న సంగతి ఆయనకన్నా ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న ఆర్తికే ఎక్కువ గుర్తు. ఆయన సంతకం పెట్టిన థీసిస్ ఆ తేదీలోగా ఆఫీసులో పడితే ఆమె డాక్టర్ డి. ఆర్తి అవుతుంది. కారైకాల్‌లో ఒక కాలేజీవాళ్లు ఆమె కోసం ఆపి ఉంచిన లెక్చరర్ ఉద్యోగం చేతికొస్తుంది. పడకపోతే కొత్త గైడును వెతుక్కోవాలి. కొత్త గైడంటే కొత్త అత్తగారింట కాపురమే, ఉప్పు డబ్బా ఎక్కడుందో తెలుసుకునేసరికి ఏడాది గడిచిపోతుంది. ఐదేళ్లుగా ఒకే గదిలో, ఒక కాలు పొట్టిదైన కుర్చీలో కూర్చున్న మనిషికి ఇంకో ఏడాదంటే మాటలు కాదు.

ఆమె చేసే పని చెప్పుకోవడానికి పెద్దగా ఉంటుంది గానీ విషయం చిన్నదే. పక్షవాతం వచ్చిన మనిషిని ఆసుపత్రికి తెస్తే ముందు తలకు సీటీ స్కాన్ తీస్తారు. రక్తం అందక చచ్చిపోతున్న మెదడు ముక్క మొదటి గంటల్లో ఆ బొమ్మలో సరిగా కనబడదు. చుట్టూ బూడిద రంగు, అదీ బూడిద రంగే, కాకపోతే కాస్త మాసిన బూడిద. ఆ మాసిన చోటును లెక్కతో పట్టుకోవాలన్నది ఆర్తి పంతం. మొదటి మెట్టుగా దెబ్బ కుడివైపున ఉందా ఎడమవైపున ఉందా అన్నది లెక్క చెప్పాలి. ఏ చెయ్యి లేవడం లేదో చూస్తే వైపు తెలిసిపోతుంది కదా అని మీరు అడగవచ్చు. ఆసుపత్రి నుంచి స్కాన్లు ఇచ్చిన డాక్టర్ కయల్విళి కూడా మొదటిరోజే అడిగింది. వైపే చెప్పలేని లెక్క చోటేం చెబుతుంది, అందుకే ముందు ఆ పరీక్ష పెట్టామని ఆర్తి జవాబు చెప్పింది.

అదే ప్రశ్న ముత్యాల్‌పేటలోని ఇంట్లో మరోలా వచ్చింది. వాళ్లది ఎన్నో తరాల కింద బాహూరు పక్కన పొలాలు చేసుకుని నిలిచిపోయిన తెలుగు కుటుంబం. పొలం కౌలుకిచ్చి ఊళ్లోకి వచ్చేశారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం, కాలేజీలో ఇంగ్లీషు. తల్లి లోగనాయకి ఒకరోజు ఉతికిన చీరలు మడత పెడుతూ నిలదీసింది.

"ఏందే నువ్వు ఐదేండ్లుగా చేస్తా ఉండేది? అడిగినోళ్లకు చెప్పను నాకు తెలియొద్దా?"

"అమ్మా, చీర మడిచేటప్పుడు అంచుకు అంచు కలిపి చూస్తావు గదా. మనిషి మెదడు గూడా అట్లే. కుడి సగం, ఎడం సగం దగ్గిర దగ్గిర ఒకే తీరు. నడిమికి మడిస్తే ఒకదానిమీద ఒకటి కూర్చోవాల. యాడ కూర్చోలేదో ఆడ దెబ్బ తగిలిందని అర్థం. ఆ మడత యాడ పెట్టాలో కనిపెట్టేదే నా లెక్క."

లోగనాయకి చీర అంచులు కలిపి చూసుకుంది. "అంచులు కలవకపోతే చీరదే తప్పంటావా? మడత పెట్టినోళ్లది కాదా?"

ఆర్తి నవ్వేసింది. తర్వాత చాలా రోజులు ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు తన మీద తనకే ఒళ్లు మండేది.

లక్షల మడతలు వేసి చూసి, రెండు సగాల మధ్య తేడా అన్నిటికన్నా తక్కువయ్యే మడతను వెతకడాన్నే గణితంవాళ్లు ఆప్టిమైజేషన్ అంటారు. తక్కువలోకెల్లా తక్కువ ఎక్కడుందని అడిగే శాస్త్రం అది. అందులో పద్మనాభన్ గారు దిట్ట. మొదటి ఏడాదిలోనే బోర్డు మీద గుండ్రంగా ఒక తల గీసి, దాని బయట పెద్ద సున్నా చుట్టారు. "తల బయట ఉన్నది గాలి. గాలి అంటే సున్నా. దాని గురించి ఆలోచించి బుర్ర పాడుచేసుకోకు" అన్నారు. తల బయటి భాగాన్ని కత్తిరించి పారేసే ప్రోగ్రాములు లేకపోలేదు. కానీ శాఖలోని పాత కంప్యూటరు మీద ఒక్కో స్కానుకు నాలుగు నిమిషాలు పట్టేది. ఎలాగూ సున్నాయే అయినదాన్ని కోయడానికి అంత సేపెందుకని ఆర్తి ఆ మెట్టు వదిలేసింది. ఇలాంటి తప్పు గణితంవాళ్లే చేయగలరు. మామూలు మనిషైతే పడుకున్నవాడి తల పక్కన ఏముందో ఒకసారి వంగి చూసి ఉండేవాడు.

ఫలితం మాత్రం అదిరిపోయింది. ఆసుపత్రి ఇచ్చిన మూడు వందల స్కాన్లలో రెండు వందల ఎనభై మూడింటికి లెక్క సరైన వైపే చెప్పింది. నూటికి తొంభై నాలుగు. మంచి పత్రిక ఒకటి వ్యాసం అచ్చువేస్తామంది. పద్మనాభన్ గారు శాఖ మొత్తానికీ టీ, సమోసాలు తెప్పించారు. ఆయన సమోసాలు తెప్పించడం అంతకు ముందు ఎవరూ చూసి ఎరగరు.

మే చివర్లో ఆయనే అన్నారు, ఇంకోచోటి స్కాన్ల మీద కూడా ఒకసారి పరీక్షించు, థీసిస్ చూసేవాళ్లు తప్పకుండా అడుగుతారు అని. ఆర్తి ఊళ్లోని ఒక ప్రైవేటు స్కాన్ సెంటరు నుంచి అరవై స్కాన్లు తెచ్చి లెక్కలో పెట్టింది. నలభై నాలుగే సరిపోయాయి. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఆర్తి ముందు వాళ్ల మిషన్ మీద నెపం పెట్టింది. మిషన్ ఆసుపత్రి మిషన్ కన్నా కొత్తదని తెలిశాక ఆ మాట మింగేసింది. సెంటరుకు వెళ్లి చూస్తే తలను ఒక పట్టీతో బిగించి స్కాన్ తీస్తున్నారు, అందులో ఆమెకు వింతేమీ కనబడలేదు. ఇక ఆసుపత్రిలో ఎలా తీస్తారో చూడాలి. ఐదేళ్లుగా వాళ్ల స్కాన్ల మీద బతుకుతూ ఆ గది గడప తొక్కింది లేదు. జూన్ మూడో తేదీ ఉదయం బస్సెక్కి వెళ్లింది. ఆసుపత్రి పేరు మనకెందుకులెండి.

స్కానింగు గది పక్కన అద్దం వెనకాల ఒక స్టూలు వేసి కూర్చోబెట్టారు. వీరాంపట్టినం నుంచి ఒక జాలరిని తీసుకొచ్చారు. యాభై ఏళ్లుంటాయి, నోరు ఒక పక్కకు పోయింది, మాట రావడం లేదు. గదిలో అటెండరు రాజేంద్రన్, కాస్త బట్టతల, ఖాకీ చొక్కా. ఆయన ఆ మనిషిని బల్ల మీద పడుకోబెట్టి, తన రెండు చేతులూ అందించి గట్టిగా నొక్కమన్నాడు. ముఖంలోకి ఒకసారి చూశాడు. భుజం మీది తుండుగుడ్డ తీసి నాలుగు మడతలు వేసి తల పక్కన, కుడివైపు, ఒత్తుగా దోపాడు. నుదుటి మీద పట్టీ బిగించి బయటికి వచ్చి తలుపు మూశాడు. అంతా కలిపి నిమిషం పట్టలేదు. ఆర్తి చూస్తూనే ఉంది గానీ ఏమీ తోచలేదు. ఆమె మిషన్ వైపు చూస్తోంది.

అంతలో ఫోన్ మోగింది. అన్నం వేళకు వస్తావా రావా అని తల్లి.

"యాడ వచ్చేదమ్మా, ఇంకా పని కాలేదు. నువ్వు తినేసేయి" అని పెట్టేసింది.

రాజేంద్రన్ ముఖం వెలిగింది. అమ్మా అనడానికి అరవ పద్ధతిలో "మా" అంటాడాయన. "మీరు తెలుగోళ్లా మా? పొద్దుట్నుంచి అరవంలోనే మాట్లాడ్తా ఉండారే! మాది గూడా ఇంట్లో తెలుగే. మాట్లాడను వచ్చు, చదవను రాదు."

"నాకు మాత్రం వచ్చునా అన్నా, చదివేది. నోటి తెలుగే."

"అంతే, మనోళ్లందరి కథా అదే" అని ఆయన సంబరంగా ఇంకో స్టూలు లాక్కున్నాడు. ఇరవై రెండేళ్లుగా ఆ గదిలోనే ఉన్నానని చెప్పాడు. మాట కలిసింది కదా అని ఆర్తి ఊరికే అడిగింది.

"ఆ తుండుగుడ్డ ఎందుకన్నా?"

"తల దొర్లకుండా మా. మిషన్‌తో ఇచ్చిన స్పాంజీలు ఎప్పుడో చినిగిపోయినాయి. పక్షవాతం వచ్చినోళ్లకు మెడ నిలవదు. తల దొర్లిందంటే బొమ్మ చెదిరిపోతుంది, మళ్లా తీయాల. అందుకని ఇంటినుంచే తెస్తాను. రెండు గుడ్డలు, ఒకటి మా ఇంటామె కనగం ఉతికి ఆరేస్తుంది, ఒకటి ఈడ."

"ఏ పక్క పెట్టాలో ఎట్లా తెలుస్తుంది?"

"దెబ్బ తగిలిన పక్కనే" అన్నాడు రాజేంద్రన్, ఇదీ అడగాల్సిన మాటేనా అన్నట్టు. "కండ్లు, తల, దెబ్బ ఉండే పక్కకే తిరుక్కుంటాయి మా. కొందరికి తల నిలిచే ఉంటుంది. వాళ్లకు చేతులిచ్చి నొక్కమంటాను. ఎడం చెయ్యి పట్టు లేదంటే దెబ్బ కుడి పక్కన, గుడ్డ కుడి పక్కన. ఇప్పుడు దొర్లకపోయినా, మిషన్ లోపలికి పోయినాక దొర్లుతుంది. చూసి చూసి అలవాటు."

ఆర్తి ఒళ్లోని లాప్‌టాప్ తెరిచి పాత స్కాన్ ఒకటి తీసింది. డాక్టర్లు మెదడు చూడ్డానికి వెలుగును ఒక చోట బిగించి పెట్టుకుంటారు. ఆ వెలుగులో తల బయటంతా కటిక నలుపు. ఐదేళ్లుగా ఆమె చూసిందీ ఆ నలుపే. ఇప్పుడు వెలుగును పెంచుతూ పోయింది. నలుపులోంచి మెల్లగా, తల పక్కన, పలచగా ఒక ఆకారం తేలింది. ఒకదాని మీద ఒకటి నాలుగు పొరలు. ఇంకో స్కాన్ తీసింది, నాలుగు పొరలు. ఇంకోటి, మళ్లీ నాలుగు పొరలు.

కంటికి నలుపైతే అంకెకు కూడా సున్నా కావాలని ఎక్కడుంది? ఆ గుడ్డకు బరువుంది, అంకె ఉంది. లెక్క మడత వేసుకునేటప్పుడు ఆ గుడ్డ మడతను తన వైపు లాక్కుంటోంది, తేడా అంతా ఆ పక్కకే పోయి చేరుతోంది. లెక్క మెదడును చదవలేదు, రాజేంద్రన్ చేతిని చదివింది. కొండను తవ్వి ఎలుకను పట్టడం అంటే విన్నాం గానీ, ఇక్కడ ఐదేళ్లు తవ్వితే తుండుగుడ్డ దొరికింది.

"ఏం మా, మొగం అట్లా అయిపోయింది?" అన్నాడు రాజేంద్రన్.

"అన్నా, మీ గుడ్డ నా లెక్కలోకి వచ్చేసింది. నా ఐదేండ్ల చదువు చెడిపోయింది" అంది ఆర్తి. అనకుండా ఉండాల్సింది. నోరు జారింది.

ఆయన తెల్లబోయాడు. "అయ్యో, నా గుడ్డ వల్లనా?" అని రెండుసార్లు అడిగాడు. ఆర్తి లాప్‌టాప్ మూసి, చెప్పులు వేసుకుని వచ్చేసింది.

ఆ రోజూ మర్నాడూ కూర్చుని, అప్పుడు వదిలేసిన మెట్టు ఎక్కింది. మూడు వందల స్కాన్లలో తల బయటిదంతా కోసేసి లెక్క మళ్లీ నడిపింది. రెండు వందల ఇరవై తొమ్మిది. నూటికి డెబ్భై ఆరు. ప్రైవేటు సెంటరు స్కాన్లలో వచ్చిందీ ఇంచుమించు అంతే. అంటే లెక్కకు నిజంగా ఉన్న చూపు అంత మాత్రమే. బొమ్మ చూడకుండా గుడ్డిగా ఊహించినా సగం సరిపోతాయి కదా, దానికన్నా నయం, అంతకు మించి చెప్పుకోవడానికేమీ లేదు. తొంభై నాలుగుకి సమోసాలు వచ్చాయి. డెబ్భై ఆరుకి టీ కూడా రాదు.

ఇక్కడ ఆర్తిని వెనకేసుకు రావడం నా వల్ల కాదు. ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. తొంభై నాలుగు అబద్ధం కాదు కదా, లెక్క ఇచ్చిన అంకే కదా అని తనకు తాను చెప్పుకుంది. థీసిస్ చూసేవాళ్లెవరూ స్కాన్ వెలుగు పెంచి చూడరు. ఉద్యోగంలో చేరాక తీరిగ్గా సరిచేసి ఇంకో వ్యాసం రాయవచ్చు. ఇలా మనసుకు నచ్చజెప్పుకుంటూ రోజూ కాలేజీకి వెళ్లి థీసిస్ దిద్దుతూ కూర్చుంది. మూడో అధ్యాయంలో కామాలు సరిచేసింది. బొమ్మల కింద అక్షరాలు ఒక సైజుకు తెచ్చింది. నాలుగో అధ్యాయం, తొంభై నాలుగు ఉన్న అధ్యాయం, తెరవలేదు. ఇంట్లో అన్నం ముందు కూర్చుని కెలుకుతుంటే లోగనాయకి, "ఏందే, చారు బాగలేదా?" అంది. "బాగుందమ్మా" అంది గానీ రుచి తెలియలేదు. లోపల మాత్రం సిగ్గుగా ఉంది, భయంగా ఉంది, భయమే ఎక్కువగా ఉంది.

జూన్ పద్నాలుగున ఉదయం డాక్టర్ కయల్విళి ఫోన్ చేసింది. ఆమె మాట ఎప్పుడూ కత్తిరించినట్టు ఉంటుంది.

"ఆర్తీ, మా రాజేంద్రన్‌తో నువ్వేమన్నావు?"

"ఏమైంది మేడం?"

"పది రోజులుగా పక్షవాతం కేసుల్లో సగం బొమ్మలు చెదిరిపోతున్నాయి. మిషన్‌వాళ్లను పిలిపించాను, మిషన్ బాగానే ఉందన్నారు. నిన్న బాహూరు నుంచి తిరుమలై అని ఒక పెద్దాయన వచ్చాడు. రెండుసార్లు తీసినా తల దొర్లిపోయింది, మూడోసారి నర్సు పట్టుకుని నిలబడాల్సి వచ్చింది. గడ్డ కరిగించే మందు ఎక్కించడం పన్నెండు నిమిషాలు లేటు. అప్పుడు రాజేంద్రన్‌ను కూర్చోబెట్టి అడిగాను. తల పక్కన ఏదో గుడ్డ పెట్టేవాడట, మానేశాడట. ఎందుకంటే, ఆ పాప చదువుకు అడ్డం వస్తోందట. ఇన్నేళ్లూ అక్కడ గుడ్డ ఉందని నాకే తెలియదు. లేకుండా పోయాక తెలిసింది."

"ఆ పెద్దాయన ఎలా ఉన్నారు మేడం?"

"మందు ఎక్కింది. చెయ్యి కాస్త కదులుతోంది. ఆ పన్నెండు నిమిషాలకు ఎంత పోయిందో ఎవరు చెప్పగలరు?"

పక్షవాతంలో నిమిషం విలువ ఏమిటో ఆర్తి థీసిస్ మొదటి పేజీలోనే రాసుకుంది, అంకెలతో సహా.  తన మీద తనకు అంత అసహ్యం ఎప్పుడూ వేయలేదు. తను దాచుకున్నది ఒక్క అంకే అనుకుంది. ఆమె అన్న ఒక్క మాటను రాజేంద్రన్ మనసులో పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, మంచే చేస్తున్నాననుకుని, ఇరవై రెండేళ్ల అలవాటు మానుకున్నాడు.

ఈసారి బస్సు కోసం ఆగలేదు, ఆటోలో వెళ్లింది. రాజేంద్రన్ స్కానింగు గది బయట వరండాలో నిలబడి ఉన్నాడు. భుజం మీద గుడ్డ లేదు.

"అన్నా, గుడ్డ యాడ?"

"లోపల బీరువాలో పెట్టేసినాను మా. మీకేం భయం వద్దు, ఆ పొద్దు నుంచి ఒక్కరికి గూడా పెట్టలేదు."

"పెట్టండన్నా. ఈ పొద్దు నుంచే పెట్టండి. తప్పు మీ గుడ్డది కాదు, నాది. తల పక్కన ఏముందో చూడకుండా లెక్క వేసింది నేను. నా తప్పుకు మీరు మానుకునేదేంది?"

ఆయనకు నమ్మకం కుదరలేదు. "మరి మీ చదువు?"

"దాని సంగతి నేను చూసుకుంటాను. పేషంటు తల ముఖ్యమా, నా చదువు ముఖ్యమా?"

"అట్లయితే ఇంగ మాటే లేదు" అని రాజేంద్రన్ లోపలికి వెళ్లి గుడ్డ తెచ్చి భుజాన వేసుకున్నాడు. ఆ భుజం మీద గుడ్డ పడ్డాక మనిషి కాస్త పొడుగైనట్టు కనబడ్డాడు. "తిరుమలై పెద్దాయన మూడో వార్డులో ఉండాడు" అన్నాడు తలొంచుకుని. "పొద్దున పోయి చూసొచ్చినాను. నా వల్లనే గదా ఆలీసమయింది."

ఆర్తి కూడా మూడో వార్డుకు వెళ్లింది. ఆయన నిద్రపోతున్నాడు. మంచం పక్కన ఎవరో తెచ్చిన కొబ్బరి బోండాం ఉంది. కాసేపు నిలబడి, ఏం చేయాలో తెలియక, వచ్చేసింది.

అక్కడి నుంచి తిన్నగా పద్మనాభన్ గారి గదికి వెళ్లింది. ఆయన రిటైర్‌మెంట్ కాగితాల మధ్య ఉన్నారు. ఆర్తి లాప్‌టాప్ ఆయన ముందు పెట్టి వెలుగు పెంచి చూపించింది. నాలుగు పొరలు. కోసేశాక వచ్చిన అంకె చూపించింది. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశారు.

"నీకు తెలిసి ఎన్నాళ్లయింది?"

"పదకొండు రోజులు సార్."

"పదకొండు రోజులూ ఏం చేశావు?"

"కామాలు దిద్దాను సార్."

ఆయన మండిపడ్డారు. పత్రికవాళ్లకు ఏం చెప్పాలి, నా ముప్పై ఏళ్ల సర్వీసులో వెనక్కి తీసుకున్న వ్యాసం ఒక్కటి లేదు, పోతూ పోతూ ఇదా నాకు అన్నారు. ఇంకా చాలా అన్నారు. ఆర్తి నిలబడి విన్నది. కోపం చల్లారాక బోర్డు వైపు తిరిగి చాలాసేపు చూశారు. బోర్డు మీద అప్పుడేమీ లేదు.

"గాలి సున్నా అని చెప్పింది నేనే కదా" అన్నారు చివరికి. "ఉత్తరం నేను రాస్తాను. సంతకం ఇద్దరం పెడదాం."

వ్యాసం వెనక్కి వచ్చింది. జూన్ ముప్పయ్యిన పద్మనాభన్ గారికి శాలువా కప్పి పంపించారు. ఆ రోజుకు ఆఫీసులో పడాల్సిన థీసిస్ పడలేదు. కారైకాల్ ఉద్యోగం ఇంకొకరికి పోయింది. ఆర్తిని వేరే ప్రొఫెసరు కిందికి మార్చారు, కనీసం ఏడాది. ఇంటికొచ్చి చెబితే లోగనాయకి, "చీర మొత్తం విప్పి మళ్లా మడవాలంటావు" అని మాత్రం అంది. అవునంది ఆర్తి. అని ఏడ్చింది. తల్లి ఆపలేదు, ఏడవనిచ్చింది.

కొత్త అధ్యాయంలో ఆర్తి ఒక పట్టిక వేసింది. తల బయటిది కోసేశాక లెక్క సరిగ్గా చెప్పినవి మూడు వందలకు రెండు వందల ఇరవై తొమ్మిది. దాని కింద ఇంకో వరస ఉంది. మూడు వందల స్కాన్లలోనూ గుడ్డ ఏ పక్కన ఉందో ఒక్కొక్కటిగా కంటితో చూసి, ఆయా పేషంట్లకు మర్నాడు తీసిన ఎమ్మారై బొమ్మలో తేలిన వైపుతో పోల్చింది. రెండు వందల డెబ్భై ఆరు సరిపోయాయి. నూటికి తొంభై రెండు. ఆ వరసకు పేరు పెట్టేముందు అనుమతి అడగాలి కదా, జూలై రెండో వారంలో ఒక మధ్యాహ్నం స్కానింగు గదికి వెళ్లింది.

రాజేంద్రన్ కేసులేవీ లేక డబ్బా విప్పి పెరుగన్నం తింటున్నాడు. ఆర్తి పట్టిక చూపించి తెలుగులో విడమరిచి చెప్పింది. "ఇది నా లెక్క అన్నా, డెబ్భై ఆరు. ఇది మీరు. తొంభై రెండు. మీరే గెలిచినారు. ఈ వరసలో ఆర్. రాజేంద్రన్ అని మీ పేరు వేయొచ్చునా?"

ఆయన మురిసిపోతాడని అనుకుంది. ఆయన చెయ్యి కడుక్కుని వచ్చి పట్టికను మళ్లీ చూశాడు. ఇంగ్లీషు అక్షరాలు తెలియకపోయినా అంకెలు తెలుసు.

"మున్నూరులో రెన్నూట డెబ్భై ఆరు. మరి ఆ ఇరవై నాలుగు?"

"అవి తప్పినాయన్నా."

"ఎవురివి అవి? చూపిస్తారా మా? యాడ తప్పినానో చూడాల గదా."

ఆర్తి ఆయన ముఖం వైపు చూసింది. అందులో పొగడ్త ఆశ లేదు, సంకోచం లేదు. ఆమె స్టూలు ఆయన పక్కకు జరుపుకుని లాప్‌టాప్ తెరిచింది. స్కాన్ల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. మొదటి తప్పు, నూట పదిహేడు. వెలుగు పెంచింది. తల పక్కన గుడ్డ తేలింది.

రాజేంద్రన్ ముందుకు వంగి వేలితో పొరలు లెక్కపెట్టాడు. "ఇది నాది కాదు. చూడండి, మూడే మడతలు. నేను నాలుగు వేస్తాను. ఆ పొద్దు నాకు లీవు, ఎవురో పెట్టినారు."

ఆర్తికి నవ్వొచ్చింది. "సరే, తీసేస్తాను. తర్వాతది చూడండి."

రెండోది తెరిచింది. ఆయన చాలాసేపు చూశాడు. లెక్కపెట్టాడు, మళ్లీ లెక్కపెట్టాడు. నాలుగు పొరలు, అంచులు తీర్చి పెట్టినట్టు సమంగా ఉన్నాయి. గుడ్డ ఎడం పక్కన ఉంది. దెబ్బ కుడివైపని ఎమ్మారైలో తేలింది.

"ఇది నాదే" అన్నాడు రాజేంద్రన్. "నేనే తప్పినాను. రాసుకోండి."

ఆ మాట అనడానికి ఆర్తికి పదకొండు రోజులు పట్టింది. ఆమె నోటుబుక్కు తీసి నంబరు రాసుకుని, మూడోది తెరిచింది.